బిడ్డకు విరేచనాలు తగ్గకపోతే

ఉప్పల్, నాచారం బస్తీల్లో బిడ్డకు విరేచనాలైతే పెద్దవాళ్లు ఏమంటారు? "నీళ్లు తాపకు బిడ్డా. పాలు ఆపు. కడుపు ఎండితే అవే ఆగుతయి" అంటారు. ఇది తప్పు. కుండకు చిల్లి పడింది. నీళ్లు పోయడం మానేస్తే కుండ ఎండిపోతుంది. బిడ్డ ఒళ్లూ అంతే.

ఏం చేయాలి?

తల్లిపాలు ఆపవద్దు. ఎక్కువసార్లు ఇవ్వాలి.

లీటరు ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. చెంచాతో కొంచెం కొంచెం తాపాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ తాపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి.

ఆరు నెలలు దాటిన బిడ్డకు మెత్తటి అన్నం, పప్పు పెట్టాలి.

జింక్ బిళ్లలు డాక్టరు చెప్పినట్లు 14 రోజులు వేయాలి. విరేచనాలు ఆగినా మానవద్దు.

నల్లా నీళ్లు కాచి చల్లార్చాలి. 2009లో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్లు తాగి మనుషులు చనిపోయారు.

దవాఖానకు ఎప్పుడు పోవాలి?

రెండు రోజుల్లో తగ్గకపోతే బస్తీ దవాఖానలో చూపించాలి. 14 రోజులు సాగితే బిడ్డ చిక్కిపోతుంది. అప్పుడు ఇంటి వైద్యం చాలదు. పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి.

నెత్తురు పడినా, కళ్లు గుంటలు పడినా, మగతగా ఉన్నా, పాలు తాగలేకపోయినా ఒక్క పూట కూడా ఆగవద్దు. 108కి ఫోన్ చేయాలి.

జవాబు రాయండి: మీ బస్తీలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఎవరి దగ్గర దొరుకుతాయి?