ధనంబోడు ఊరికి చేరే చిరంజీవికి



ఉద్యోగరీత్యా జగ్గయ్యపేట చేరుతున్న చిరంజీవి, గది వెతుక్కోవడంతో పాటు ఆ ఊరి పూర్వనామాలను కూడా తెలుసుకోవడం మేలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టకముందు ఆ ఊరు బేతవోలు, క్రీ.శ. 3వ శతాబ్ది శాసనంలో అక్కడి గ్రామం వేలగిరి.

విజయవాడ నుండి వచ్చే బస్సు నందిగామ దాటి, చిల్లకల్లు వద్ద జాతీయ రహదారిని విడిచి ఊరివైపు మళ్లుతుంది. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం వద్ద ఆ రహదారినే ముంచెత్తి రాకపోకలను ఆపివేసింది కనుక, వానకాలంలో బయలుదేరేవారు ముందుగా ఏటి సంగతి విచారించుకోవాలి. డెల్టా పల్లపు నేలలకు భిన్నంగా ఎత్తుగా ఉండే జగ్గయ్యపేట ప్రాంతాన్ని మెట్ట అంటారు; ఇక్కడి వేసవి ఎండ తీవ్రమైనది కాబట్టి ఊరు చూడడానికి తెల్లవారుజామే తగిన వేళ.

మొదటి సెలవునాడే చిరంజీవి ధనంబోడు చూడాలి. బోడు అంటే దిబ్బ. దానిపై ఉన్న స్తూపాన్ని, అంటే బౌద్ధులు ఆరాధించే గుండ్రని కట్టడాన్ని, 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ తవ్వించి పరిశీలించాడు. చెక్కిన ఫలకాలు అక్కడ కనబడలేదని నిరాశపడనవసరం లేదు. నాణేల వాన కురిపించే మాంధాత చక్రవర్తి ఫలకం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో భద్రంగా ఉంది.

అన్నిటికంటే మనసుకు హత్తుకునేది ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు శాసనం.  అందులో వేలగిరి మహాచైత్యంగా పేర్కొన్న ఈ స్తూపం తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలను, అంటే బుద్ధుని జీవితంలోని ఐదు మహాఘట్టాలకు గుర్తులుగా భావించే స్తంభాలను, నిలిపినవాడు రాజు కాదు, సిద్ధార్థుడనే శిల్పకారుడు. అతడు మహాకాండురూర నివాసి. తండ్రి నాగచంద్రుడిది నడతూరు. ఈ రెండు ఊళ్ల పేర్లనూ, తల్లిని ముందుంచి తన కుటుంబాన్నీ అతడు రాతిపై పేర్కొన్నాడు.

టీకొట్టు వద్ద పెద్దలు "ఏ ఊరు బాబూ, ఎవరబ్బాయివి?" అని అడిగితే చిరంజీవి దానిని అనవసరపు ఆరాగా భావించరాదు. పరాయి ఊరి నుండి వచ్చిన సిద్ధార్థుడు అదే ప్రశ్నకు, ఎవరూ అడగకముందే, తన ఊరూ తండ్రి ఊరూ చెప్పి ఉన్నాడు.