ఉచితానికి వెల

ఉప్పల్ చౌరస్తాలో నిలిచిన ప్రకటన ఫలకాలను ప్రతిదినం వేలాదిమంది చూస్తారు. మెట్రో స్టేషను మెట్లెక్కే విద్యార్థికీ, రామంతాపూర్ బస్సులో కూర్చున్న ఉద్యోగికీ, నాచారం పారిశ్రామికవాడకు షిఫ్టుకు వెళ్ళే కార్మికునికీ ఆ ఫలకం మీద కనిపించేది ఒకే బొమ్మ. తనను ఎవరు చూశారో ఫలకానికి తెలియదు. చూసినవారు ఇల్లు చేరిన తరువాత అది వారి వెంట రాదు.

సెల్‌ఫోను తెర మీది ప్రకటన స్వభావం వేరు. నాచారంలో నివసించే ఒక విద్యార్థిని తన తండ్రి మోకాలినొప్పిని గురించి నాలుగు వెబ్‌సైట్లలో చదివిందనుకోండి. మరునాడు ఆమె క్రికెట్ స్కోరు చూసుకొనే చోట నొప్పి నివారణ తైలాలు, వంటల వెబ్‌సైటులో శస్త్రచికిత్స చేసే ఆసుపత్రులు, ఆపైన వైద్యఖర్చులకు అప్పిస్తామనే సంస్థలు వరుసగా ప్రత్యక్షం కావచ్చు. ఇంట్లో నలుగురికే తెలిసిన సంగతి ముక్కూ మొగమూ తెలియని సంస్థలకు ఎలా చేరింది? ఆ వెబ్‌సైట్లకు ఆమె ఒక్క పైసా ఇవ్వలేదు. మరి అవి దేనితో నడుస్తున్నాయి? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే చోట ఉంది.

సమాచారాన్ని అందించడానికయ్యే ఖర్చును వ్యాపారం ద్వారా పూడ్చుకోవడం ఇంటర్నెట్టుతో పుట్టిన పద్ధతి కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారాన్ని ప్రారంభించారు. ఆ ఆర్జన అండతో 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా వెలువరించారు. తలనొప్పి మందు మీద వచ్చిన రాబడి తెలుగు పత్రికారంగానికి ఊతమైంది. అయితే ఆనాటి పత్రికలో అచ్చయిన ప్రకటనను పాఠకుడు చూశాడే గాని, ప్రకటన పాఠకుణ్ణి చూడలేదు. అతడు ఏ పుట దగ్గర ఆగాడో, చదివిన ప్రతిని ఎవరికి ఇచ్చాడో ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఈ స్థితిని మార్చిన సాధనం పేరు కుకీ. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటులి దీనిని రూపొందించాడు. వచ్చినవారిని మళ్ళీ గుర్తుపట్టడానికి వెబ్‌సైటు వారి కంప్యూటరులో ఉంచే చిన్న చీటీయే కుకీ. గుడి ముందు చెప్పులు భద్రపరచేవారు ఇచ్చే టోకెను వంటిది ఇది. ఎవరి చెప్పులు వారికి ఇవ్వడానికి టోకెను అవసరమే. కాని అదే టోకెనును గుడి దగ్గర, బజారులో, ఆసుపత్రిలో, కళాశాల ద్వారం దగ్గర చూసి రాసుకొనేవాడు ఒక్కడే అయితే, ఆ మనిషి దినచర్య అంతా అతని చేతిలో ఉంటుంది. వేలాది వెబ్‌సైట్లలో చోటు సంపాదించిన ప్రకటన సంస్థలు చేసేది ఇదే. ఫోనుకు ఉండే ప్రకటన గుర్తింపు సంఖ్య కూడా ఈ పనికే ఉపయోగపడుతుంది. పుట తెరుచుకొనే క్షణకాలంలోనే ఆ పాఠకుని ముందు తమ ప్రకటన నిలపడానికి వ్యాపారుల మధ్య యంత్రాల ద్వారా వేలం జరుగుతుంది. ఎక్కువ వెల పలికినవారి ప్రకటన తెర మీదికి వస్తుంది.

ప్రాచీన రాజనీతిజ్ఞులు రాజును ‘చారచక్షువు’ అన్నారు. వేగులవారే అతనికి కన్నులని భావం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గూఢచారుల వ్యవస్థ విపులంగా కనిపిస్తుంది. ఆ కన్నులు రాజ్యరక్షణ కోసమని చెప్పుకున్నారు. నేటి కన్నులు వ్యాపారం కోసం పనిచేస్తున్నాయి. ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థలో నేలను కొలిచి పటం గీయడం నేర్పుతారు. ప్రకటన సంస్థలు మనిషి ఇష్టాలను, భయాలను, అవసరాలను కొలిచి పటం గీస్తున్నాయి. ఆ పటం ఎవరిదో వారికే కనిపించకపోవడం ఇందులోని లోపం.

మరొక పక్షాన్ని కూడా న్యాయంగా పరిశీలించాలి. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు 2024లో వచ్చిన సుమారు 35,000 కోట్ల డాలర్ల ఆదాయంలో నాలుగింట మూడు వంతులు ప్రకటనల వల్లనే వచ్చింది. పటాలు, వీడియోలు, వెతికే సౌకర్యం ప్రజలకు ఉచితంగా దొరకడానికి ఈ రాబడే ఆధారం. చిన్న తెలుగు వెబ్‌సైటు నడిపేవారికి సర్వరు అద్దె సైతం చాలావరకు ప్రకటనల నుండే రావాలి. చందా కట్టినవారికే చదువు అన్న నియమం వస్తే నష్టపోయేది పేద విద్యార్థియే. అలాగని వేరే మార్గం లేకపోలేదు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా ప్రకటనలు లేకుండా, దాతల విరాళాలతో, స్వచ్ఛంద రచయితల శ్రమతో నడుస్తున్నది. చదివేవారి చరిత్రను కాక, చదువుతున్న వ్యాసాన్ని బట్టి ప్రకటన చూపే పద్ధతి కూడా ఉంది. వరిసాగు వ్యాసం పక్కన విత్తనాల ప్రకటన ఉంచడానికి రైతు వెంట పడనక్కరలేదు.

సఫారీ బ్రౌజరు 2020లో ఇతర సంస్థల కుకీలను పూర్తిగా అడ్డుకొన్నది. అదే సంవత్సరం క్రోమ్ నుండి వాటిని తొలగిస్తామన్న గూగుల్ 2024లో ఆ సంకల్పాన్ని విరమించుకొన్నది. సంస్థల ఇష్టానికే వదిలితే రక్షణ స్థిరంగా ఉండదని దీనివల్ల తెలుస్తుంది. పోగుపడిన సమాచారం దారి తప్పితే కలిగే ప్రమాదం కూడా చిన్నది కాదు. 66.9 కోట్ల మంది వివరాలు కలిగి ఉన్న ఒక వ్యక్తిని అరెస్టు చేసినట్లు 2023 ఏప్రిల్‌లో సైబరాబాదు పోలీసులు ప్రకటించారు.

విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. పద్ధెనిమిదేళ్లు నిండనివారి కదలికలను గమనించడాన్ని, వారిని లక్ష్యంగా చేసుకొని ప్రకటనలు చూపడాన్ని ఆ చట్టం నిషేధిస్తున్నది. పిల్లల విషయంలోని బాధ్యతలను ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. 2025 నవంబరులో నియమావళి వెలువడింది. సంస్థలు సిద్ధపడడానికి ప్రధాన నిబంధనలకు 18 నెలల గడువు ఇచ్చారు.

ఇంటర్మీడియట్ చదివేవారిలో అధికులు పద్ధెనిమిదేళ్లలోపువారే. కనుక ఈ నిషేధం వారికి కూడా ఉద్దేశించినదే. అయినా చట్టం చేయలేని పని ఒకటి ఉంది. ‘అంగీకరిస్తున్నాను’ అన్న మీటను నొక్కే ముందు దేనికి అంగీకరిస్తున్నామో చదవడం, అవసరం లేని అనుమతులను నిరాకరించడం, ఫోనులోని ప్రకటన గుర్తింపు సంఖ్యను తొలగించడం ఎవరికి వారు చేసుకోవలసినవి. నాచారం విద్యార్థిని తండ్రి బాధకు ఉపశమనం వెతకడం తప్పు కాదు. ఆ బాధను ఆమెకు తెలియకుండా వేలానికి పెట్టడమే తప్పు.

ప్రశ్నలు

1. ఆనాటి పత్రికా ప్రకటనకూ, నేటి ఇంటర్నెట్టు ప్రకటనకూ గల భేదాన్ని వివరించండి.
2. కుకీని పాఠంలో దేనితో పోల్చారు? ఆ పోలిక ఎంతవరకు సరిపోతుంది?
3. ఉచిత వెబ్‌సైట్లు మనుగడ సాగించాలి, పాఠకుని గోప్యత నిలవాలి. ఈ రెండింటికీ సమన్వయం ఎలా కుదురుతుందో చర్చించండి.