సర్వీసు పైపుకు ఎర్తు ఉన్నదా?

సంఘాల తనిఖీలో పద్దు పుస్తకాలు, వెన్న శాతం రిజిస్టరు చూచిన తరువాత మీటరు బోర్డు వద్ద కూడా కొంతసేపు నిలబడవలెను. పాల సేకరణ కేంద్రంలో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. క్యాన్లు కడిగేవారు, పాలు పోయవచ్చేవారు తరచు వట్టి కాళ్ళతో ఉంటారు. అక్కడ తగిలే షాక్ పొడినేలపై తగిలేదాని కంటే ఎంతో ప్రమాదకరం.

పాత భవనాలలో స్తంభం నుండి వచ్చిన సర్వీసు వైరు గోడమీది ఇనుప పైపు గుండా మీటరుకు దిగుతుంది. పైపు మూతి అంచు పదునుగా ఉంటే, గాలికి వైరు ఊగి తొడుగు అరిగిపోతుంది. అప్పుడు పైపుకంతటికీ కరెంటు వస్తుంది. మనం మెయిన్ ఆపినా పోదు. లోపం మీటరుకు ముందున్నది కనుక మీటరు తరువాత అమర్చిన ఇ.ఎల్.సి.బి. కూడా దానిని ఆపలేదు.

"పైపూ ఇనుమే, పెట్టే ఇనుమే, రెండూ కలిసే ఉన్నవి గదా" అని కొందరు వైర్‌మన్‌లు అంటారు. కాని పెట్టెకు రంగు ఉంటుంది, మరలలో తుప్పు చేరుతుంది, చెక్ నట్ వదులవుతుంది. అందుచేత అతుకును నమ్మక, పైపుకు క్లాంపు బిగించి, రంగు గీకిన చోట పెట్టె ఎర్తు బోల్టుకు, అక్కడి నుండి ఎర్తు గుంతకు తీగ వేయించవలెను.

అంతటితో సరిపోదు. సికింద్రాబాదు చుట్టుపక్కల, మౌలాలి గుట్టను చూస్తేనే తెలుస్తుంది, రాతినేల ఎక్కువ. ఇటువంటి చోట ఎర్తు గుంత తేలికగా కుదరదు. ఒక లెక్క చూడండి. మన గుంత నిరోధం 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు వద్దది 2 ఓములు అనుకొందాం. 240 వోల్టులకు పారేది 20 ఆంపియర్లే. దానికి ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోదు. పైపు 200 వోల్టుల మీద అలాగే ఉంటుంది! అదే గుంతకు కలిపిన బల్క్ కూలరు టాంకు కూడా అంతే.

కనుక మొదట వైరు అరగకుండా చూడవలెను. పైపు మూతి కిందికి వంగి ఉండి, నునుపైన బుష్ ఉండవలెను. వీలైతే ఇనుప పైపు తీయించి పి.వి.సి. పైపు వేయించడమే నా సలహా. ఎర్తు గుంతను ఎండాకాలంలో, తేమ తక్కువగా ఉన్నప్పుడు, ఎర్తు మెగ్గరుతో కొలిపించండి. చాలకపోతే దూరంగా రెండవ గుంత తీయించండి. కూలరు కంప్రెసరు మోటారుకు ఎటూ రెండు వేరు వేరు ఎర్తు తీగలు నిబంధనల ప్రకారం ఉండవలసిందే. న్యూట్రల్ తీగను ఎర్తుగా వాడరాదు. అది తెగిందంటే యంత్రం ఒంటికే కరెంటు వస్తుంది.

మీటరుకు ముందున్న భాగాన్ని మనవారు ముట్టుకోరాదు, సీలు విప్పరాదు. పాలకవర్గం తీర్మానం చేసి, విద్యుత్ సెక్షన్ కార్యాలయానికి లేఖ వ్రాసి, నకలు ఫైలులో ఉంచవలెను. పని అయ్యేదాకా ఆ పైపుకు బర్రెను కట్టనీయకండి. తడినేలపై నాలుగు కాళ్ళూ ఆనిన పశువుకు మనకు తెలియనంత కొద్ది వోల్టేజీ కూడా తగులుతుంది.