పియానోపై భక్తిగానము

మాటలులేని వాద్యము దైవస్తుతి చేయగలదా? సంగీతము నభ్యసించు విద్యార్థులు ఈ ప్రశ్నను తప్పక యోచింపవలెను.

చేయగలదని ఐరోపా వాగ్గేయకారులు చూపిరి. హంగరీ దేశస్థుడగు లిస్టు 1863 ప్రాంతమున పియానోకు మాత్రమే రెండు పుణ్యకథలను కూర్చెను. మొదటిదానిలో అస్సీసీ ఫ్రాన్సిస్ పక్షులకు బోధించును. పైస్థాయిలో కంపించు స్వరములు పక్షుల కిలకిలారావములు. వాని నడుమ ఒంటిగా వినవచ్చు స్వరపంక్తి ఆ భక్తుని పలుకు. 1944 లో ఫ్రెంచివాడగు మెస్సియాన్ బాలయేసును గూర్చి 20 పియానో రచనలు చేసెను. వీనిలో పాడవలసిన మాట యొక్కటియు లేదు.

మన కీర్తనల మార్గము వేరు. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగు భక్తులు రచించిన కీర్తనలు రాగతాళములతో, పల్లవి చరణములతో, నోట పాడుటకై పుట్టినవి. వీనికి సాహిత్యమును గమకమును ముఖ్యములు. పియానోలో సుత్తి తంతిని కొట్టిన వెంటనే నాదము క్షీణింప నారంభించును. స్వరమును ఊపుటకుగాని జార్చుటకుగాని వీలులేదు. స్థాయికి 12 మెట్లే కలవు.

మెట్లుగల హార్మోనియమునకును ఈ లోపమే కలదు. ఇందుచేతనే 1940 లో అఖిలభారత రేడియో దానిని ప్రసారములనుండి నిషేధించెను. ఆ నిషేధము అమలునందుండగనే 1948 డిశెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. 1971 లోగాని నిషేధము సడలలేదు.

అయినను అన్ని రాగములకును నష్టము సమానము కాదు. మోహనమునకు స, రి, గ, ప, ద అను అయిదే స్వరములు. పియానోపై మూడు నల్లమెట్ల గుంపులో మొదటిదానిని షడ్జముగా గొని, అయిదు నల్లమెట్లను వరుసగా మీటుడు. మోహనము చాలవరకు పోల్చదగియుండును. తోడి యట్లు కాదు. దాని గాంధారము ఊగనిచో రాగమే మారినట్లు తోచును.

కావున కీర్తనను పియానోపై వాయింపగోరువారు మొదట దానిని కంఠస్థము చేసి పాడవలెను. పిమ్మట కుడిచేత వరుసను, ఎడమచేత షడ్జపంచమములను మెల్లగా వాయింపవలెను. రాగమునకు చెందని స్వరములను శోభకొరకు చేర్చరాదు. పాడునపుడు ఊపిరి తీయుచోట చేయి లేపవలెను.

విను పెద్దల పెదవులపై చరణములోని మాటలు తామంతట తామే వచ్చెనా, ఆ వాద్యము కీర్తన యైనదని తెలిసికొనుడు.