రేడియో సంకేతానికి ప్యాకెట్ రూపం: వీటా 49

ఎందుకు వచ్చింది?
యాంటెన్నాకు అందిన సంకేతాన్ని సాఫ్ట్‌వేర్ రేడియో అంకెలుగా మార్చి ఈథర్‌నెట్ మీద కంప్యూటర్‌కు పంపుతుంది. ఆ అంకెలను ప్యాకెట్లలో పేర్చడంలో ఒక్కో తయారీదారుది ఒక్కో పద్ధతి కావడంతో ఒకరి రిసీవర్‌కు మరొకరి సాఫ్ట్‌వేర్ పొసిగేది కాదు. ఆ తంటా తీర్చడానికి 2009లో వీటా 49 ప్రమాణం వెలువడింది. పరికరాలను నియంత్రించే ప్యాకెట్లు 2017 నాటి 49.2లో చేరాయి.

హెడర్
మొదటి 32 బిట్లలో ప్యాకెట్ రకానికి 4, వరుస సంఖ్యకు 4, పరిమాణానికి 16 కేటాయించారు. పరిమాణాన్ని కొలిచేది బైట్లలో కాదు, 32 బిట్ల పదాల్లో. తర్వాత స్ట్రీమ్ ఐడీ 32 బిట్లు, సెకన్లకు 32, సెకనులో భాగానికి 64.

టైమ్‌స్టాంప్ ఎందుకంత ముఖ్యం?
సాధారణంగా ఈ ప్యాకెట్లు యూడీపీ మీద వెళ్తాయి. దారిలో పోయింది మళ్లీ రాదు. వరుస సంఖ్య 0 నుంచి 15 దాకా తిరిగి మళ్లీ 0కు వస్తుంది కాబట్టి, వరసగా 16 ప్యాకెట్లు పోతే లెక్క సరిగ్గానే కనిపిస్తుంది! ఆ లోటును పట్టించేది టైమ్‌స్టాంపే.

అది అరుదని కొట్టిపారేయకండి. సెకనుకు కోటి శాంపిళ్లు అనుకుందాం. ఐ, క్యూ విలువలు చెరో 16 బిట్లయితే శాంపిల్‌కు 4 బైట్లు, మొత్తం సెకనుకు 320 మెగాబిట్లు. ఈథర్‌నెట్ పరిమితి 1500 బైట్లలో ఐపీ, యూడీపీ హెడర్లకు 28, మన ఫీల్డులకు 20 పోగా మిగిలేవి 1452 బైట్లు, అంటే 363 శాంపిళ్లు. ఒక ప్యాకెట్ నిండేది 36.3 మైక్రోసెకన్లలో. కంప్యూటర్ అర మిల్లీసెకను పైచిలుకు ఏమరితే చాలు, 16 ప్యాకెట్లు గల్లంతు.

కాంటెక్స్ట్ ప్యాకెట్
శాంపిళ్లను చూసి అవి ఏ ఫ్రీక్వెన్సీవో చెప్పలేం. ఫ్రీక్వెన్సీ, బ్యాండ్‌విడ్త్, శాంపిల్ రేటు, గెయిన్ లాంటివి వేరే ప్యాకెట్‌లో, అదే స్ట్రీమ్ ఐడీతో వస్తాయి. ప్రతి డేటా ప్యాకెట్‌లోనూ వీటిని మోయక్కర్లేకుండా చేసిన ఈ విభజన ప్రమాణంలోకెల్లా తెలివైన నిర్ణయమనిపిస్తుంది. కాకపోతే మార్పు జరిగినప్పుడే పంపితే, మధ్యలో చేరినవారికి ఏమీ తెలియదు. అందుకే అప్పుడప్పుడూ మళ్లీ పంపడం మేలు.

బైట్ల వరుస
పెద్ద విలువ గల బైట్ ముందు వస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లది తలకిందుల వరుస. బైట్లు మార్చుకోకుండా చదివితే 16 బిట్ల శాంపిల్‌లో 1 కాస్తా 256 అవుతుంది.