తాళంచెవి స్థానంలో కార్డు: హోటల్ గది తలుపు వెనుకనున్న విజ్ఞానం

ప్రయాణికునికి హోటల్ గది ఒక్క రాత్రికి స్వగృహం వంటిది. ఆ గృహానికి రక్షణ తలుపు తాళమే. పూర్వం గది సంఖ్య చెక్కిన బిళ్లతో సహా ఇనుప తాళంచెవిని అతిథి చేతికిచ్చేవారు. ఆ చెవి పోయినా, ఎవరైనా దానికి నకలు చేయించుకున్నా తాళాన్నే మార్చవలసి వచ్చేది. నిన్నటి అతిథి వద్ద నేటి అతిథి గది చెవి ఉండిపోయే అవకాశమే ఇందులోని అసలు చిక్కు.

ఈ చిక్కును విడదీసినవాడు నార్వే దేశీయుడైన టోర్ సోర్నెస్. 1974లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక మోటెల్‌లో ప్రసిద్ధ గాయని ఒకరిపై ఆమె గదిలోనే దాడి జరిగింది. ఆ వార్త ఆయనను ఆలోచింపజేసింది. 1970ల నడుమ ఆయన రూపొందించిన తాళానికి చెవి ఒక ప్లాస్టిక్ కార్డు. దానిపై 32 స్థానాలు. ఒక్కొక్క స్థానంలో రంధ్రం ఉండవచ్చు, లేకపోవచ్చు. 2ను 32 పర్యాయాలు వేసి గుణిస్తే దాదాపు 429 కోట్లు వస్తుంది. అన్ని విధాలైన కార్డులు సాధ్యమన్నమాట. అతిథి మారితే తాళాన్ని ఊడదీయకుండానే కార్డును మార్చవచ్చు.

కబురు మోసే కార్డు

తరువాత రంధ్రాల స్థానంలో అయస్కాంత పట్టీ వచ్చింది. తలుపు తాళానికీ, కింద స్వాగత కక్షలోని కంప్యూటరుకూ తీగ ఉంటుందని పలువురు భావిస్తారు. అనేక హోటళ్లలో అటువంటిదేమీ లేదు. తాళం బ్యాటరీలతో నడిచే చిన్న గణన యంత్రం. అందులో ఒక గడియారమూ ఉంటుంది. గది సంకేతం, గడువు తేదీ వంటి వివరాలను సిబ్బంది కార్డుపై వ్రాసి ఇస్తారు. కొత్త అతిథి కార్డులో తరువాతి వరుస సంకేతం ఉంటుంది. దానిని చదివిన మరుక్షణం తాళం పాత సంకేతాన్ని త్రోసిపుచ్చుతుంది. బస మరొక దినం పొడిగించినప్పుడు కార్డును తిరిగి వ్రాయించుకోవలసి రావడానికి కారణం దానిపైనున్న గడువు తేదీయే. కరెంటు పోయినా తాళం పనిచేయడానికి కారణం బ్యాటరీలే.

హోటల్ కార్డులను మాటిమాటికి చెరిపి వ్రాయవలసి ఉంటుంది గనుక వాటి పట్టీపై సాధారణంగా బలహీనమైన అయస్కాంత పదార్థాన్ని పూస్తారు. సంచి మూతకున్న అయస్కాంతం తగిలినా ఆ వ్రాత చెరిగిపోవచ్చు. తలుపుకు తాకించే నేటి కార్డులకు ఈ బెడద లేదు. వాటిలో బ్యాటరీ ఉండదు. సన్నని తీగచుట్ట, చిన్న చిప్పు మాత్రమే ఉంటాయి. తాళం వెలువరించే 13.56 మెగాహెర్ట్జ్ క్షేత్రం ఆ చుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రానికి ఇదొక ప్రయోజనం.

గదిలోని మీట

ఇండియా, మలేషియా, గల్ఫ్ దేశాలలోని అనేక హోటళ్లలో తలుపు ప్రక్కనున్న అరలో కార్డు ఉంచితేనే దీపాలు వెలుగుతాయి. విద్యుత్తు వృథా కాకుండా చేసిన ఏర్పాటిది. కార్డు తీసుకొని బయటకు వెళ్లగానే ఏసీతోపాటు కొన్నిచోట్ల చిన్న ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. వృద్ధులైన తల్లిదండ్రుల ఇన్సులిన్‌ను అందులో ఉంచేవారు ఈ సంగతిని ముందుగానే విచారించుకోవాలి. గది ఫ్రిజ్‌లు కొన్ని తగినంత చల్లబడవు. కొన్ని మందును గడ్డకట్టించేంతగా చల్లబడతాయి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. సిబ్బందిని అడిగి తగిన చోట దాచమనడం మేలు.

జాగ్రత్తలు

ఎంతటి తాళమైనా అభేద్యం కాదు. 2012లో ఒక రకం తాళాన్ని చిన్న పరికరంతో తెరవవచ్చునని ఒక పరిశోధకుడు చూపాడు. 131 దేశాలలో అమర్చిన 30 లక్షలకు పైగా తాళాలలో లోపం ఉన్నదని 2024లో మరికొందరు పరిశోధకులు వెల్లడించారు. కావున గదిలో ఉన్నప్పుడు లోపలి గడియ, గొలుసు తప్పక వేసుకోవాలి. గది సంఖ్యను కార్డుపై వ్రాయరాదు. దానిని పైకి చదివి వినిపించవద్దని సిబ్బందిని కోరవచ్చు. కార్డు పోతే వెంటనే తెలిపి, కొత్తది తీసుకొని, దానితో స్వయంగా ఒకసారి తలుపు తెరవాలి. కొత్త కార్డు తాకిన తరువాతనే తాళం పాతదానిని మరచిపోతుంది.