పిల్లలకు మెతకతనం నేర్పకండి

సండే స్కూల్లో పిల్లల చేత కంఠతా పట్టించే భాగాల్లో కొండమీద ప్రసంగంలోని ధన్యతలు తప్పకుండా ఉంటాయి. మత్తయి సువార్త 5వ అధ్యాయం. వాటిలో మూడోది సాత్వికులను గురించినది, ఈ భూమికి వారసులు వాళ్ళేనని చెప్పేది. పిల్లలు దాన్ని ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పి, పెన్సిళ్ళ డబ్బా బహుమతిగా పుచ్చుకుని ఇంటికొస్తారు. దాని అర్థం మాత్రం వాళ్ళకు ఇంట్లోనే తెలుస్తుంది. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదు. ఎవరేమన్నా తల దించుకోవాలి. తమ్ముడు బొమ్మ లాక్కుంటే ఇచ్చెయ్యాలి. ఆడపిల్లయితే ఇంకాస్త ఎక్కువ సర్దుకోవాలి. "యేసయ్య బిడ్డవి కదా, ఊరుకో" అంటాం. ఆ మాటతో గొడవ సద్దుమణుగుతుంది కాబట్టి మనకు హాయి. పిల్లకు మాత్రం సాత్వికమంటే నోరు మూసుకోవడమేనని ఖాయమైపోతుంది.

అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే. సాత్వికం పిల్లల దగ్గర మొదలుపెట్టే పాఠం కాదు. ఇంట్లో బలం ఎవరి చేతిలో ఉందో వాళ్ళ దగ్గర మొదలవ్వాలి. అంటే మన దగ్గర.

లేఖనాల్లో ఈ పేరు ఎవరికి దక్కిందో చూడండి. భూమ్మీద ఉన్నవాళ్ళందరిలోనూ మోషేను మించిన సాత్వికుడు లేడని సంఖ్యాకాండం 12వ అధ్యాయం చెబుతుంది. ఆ కితాబు ఏ సందర్భంలో వచ్చిందో కూడా చూడాలి. సొంత అక్క మిర్యాము, అన్న అహరోను కలిసి అతని మీద మాట్లాడుతున్నారు. కూషు దేశపు స్త్రీని పెళ్ళాడాడన్నది సాకు. దేవుడు తమ ద్వారా మాట్లాడలేదా ఏమిటి, ఇతని గొప్పేమిటి అన్నది అసలు కడుపుమంట. కోడలి మీద మొదలై ఎక్కడికో పోయే తగాదాలు మనకూ కొత్త కాదు. మోషే బదులు చెప్పలేదు. చేతకాక కాదు, ఫరో ఎదుట నిలబడి మాట్లాడినవాడు, ఒక జనాంగాన్నే నడిపిస్తున్నవాడు. మిర్యాముకు కుష్ఠు వచ్చినప్పుడు 'తగిన శాస్తి జరిగింది' అనుకోలేదు. బాగుచెయ్యమని దేవునికి మొరపెట్టాడు. ఆమె ఏడు రోజులు పాళెం బయట ఉంది, తిరిగొచ్చేదాకా జనం ప్రయాణం కట్టలేదు.

అంతటి మోషే కూడా పుట్టుకతో శాంతమూర్తేమీ కాదు. వయసులో ఉండగా ఒక ఐగుప్తీయుణ్ణి చంపి ఇసుకలో కప్పెట్టాడు. పెద్దతనంలో, మెరీబా దగ్గర, నీళ్ళ కోసం సణిగే జనం మీద విసుగెత్తి, మాట్లాడమన్న బండను కర్రతో రెండుసార్లు కొట్టాడు. వాగ్దాన దేశంలో అడుగుపెట్టే భాగ్యం అక్కడ పోయింది. "నా కోపం మా నాన్న నుంచి వచ్చింది, నేనేం చెయ్యను" అనే తండ్రులకు ఈ రెండు సంగతులూ చెప్పాలి. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు సాత్వికాన్ని ఆత్మఫలంలో లెక్కపెట్టాడు, ఆశానిగ్రహానికి సరిగ్గా ముందు. వంశంలో వస్తే వచ్చేది, లేకపోతే లేనిది కాదది. దేవుని ఆత్మ మనలో పండించేది.

అదే పౌలు ఎఫెసీయులకూ కొలొస్సయులకూ రాస్తూ తల్లిదండ్రులకు లోబడమని పిల్లలకు చెప్పాడు. ఆ వాక్యం చాలా ఇళ్ళల్లో గోడ మీద కనిపిస్తుంది. వెంటనే తండ్రుల వైపు తిరిగి, పిల్లలను రెచ్చగొట్టవద్దనీ, అలా చేస్తే వాళ్ళు నిరుత్సాహపడిపోతారనీ హెచ్చరించాడు. ఆ వాక్యం ఎందుకో గోడ ఎక్కలేదు. రోమా చట్టంలో ఇంటి పెద్దకు పిల్లల మీద, వాళ్ళకు పెళ్ళిళ్ళయి మనవలు పుట్టినా సరే, తాను బతికున్నంత కాలం అధికారం ఉండేది. అలాంటి లోకంలో ఒకడు తండ్రులకు హద్దు గీయడం చిన్న సంగతి కాదు. కొరింథు సంఘాన్ని గద్దించాల్సి వచ్చినప్పుడు కూడా, తాను వాళ్ళకు తండ్రినని చెప్పుకున్న పౌలే, బెత్తం పట్టుకుని రమ్మంటారా, సాత్వికమైన మనసుతో రమ్మంటారా అని వాళ్ళనే అడిగాడు.

సామెతల గ్రంథంలో బెత్తం ప్రస్తావన ఉంది కదా అంటారు. ఉంది. కోపిష్ఠితో సహవాసం చేస్తే ఆ నడత మనకూ అంటుకుంటుందన్న హెచ్చరికా ఆ గ్రంథంలోనే ఉంది. స్నేహానికే అలా అయితే, కోపిష్ఠి ఇంట్లో పుట్టి పెరిగే పిల్లవాడి మాటేమిటి? బడిలో పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. మన గడప లోపల ఆ గీత గీసుకోవలసింది మనమే.

కుటుంబ ప్రార్థన గురించి కాస్త సాగదీసి చెబుతాను. ఎందుకంటే ఈ పొరపాటు భక్తి గల ఇళ్ళల్లోనే జరుగుతుంది. రాత్రి భోజనాలయ్యాయి, అందరూ చాప మీద కూర్చున్నారు. పాట అయింది, వాక్యం అయింది, నాన్నగారు ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, ఈ పిల్లవాడికి బుద్ధి దయచెయ్యి తండ్రీ, ఈ ఫోను పిచ్చి వదిలించు తండ్రీ, అబద్ధాలు మానిపించు తండ్రీ..." చెల్లెలు ఒక కన్ను తెరిచి అన్న మొహం చూసి నవ్వుతుంది. ఆ మాటలు దేవునితో అంటున్నవి కావనీ, తన మీద విసురుతున్నవేననీ ఆ పిల్లవాడికి తెలుసు. తిరిగి జవాబు చెప్పే వీల్లేని చోట, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తిట్టడం అది. పదిహేనేళ్ళు వచ్చాక ప్రార్థన వేళకు వాడికి సరిగ్గా హోంవర్కు గుర్తొస్తుందంటే ఆశ్చర్యమేముంది? మందలించాల్సింది ఉంటే ముందే డాబా మీదకో వీధి చివరికో తీసుకెళ్ళి, ఇద్దరే ఉన్నప్పుడు మందలించండి. ప్రార్థనలో మాత్రం వాడి కోసం కృతజ్ఞత చెప్పండి, వాడి పరీక్షల కోసం అడగండి. మీరు పొద్దున అరిచిన అరుపు గురించి, వాడు వింటుండగా, దేవుని దగ్గర ఒప్పుకోండి. మొదట్లో నోరు పెగలదు.

పిల్లలకు సారీ చెబితే లోకువైపోతామన్న భయం చాలామందికి ఉంది, ముఖ్యంగా నాన్నలకు. అపొస్తలుల కార్యాలు 23వ అధ్యాయంలో పౌలు, తనను కొట్టమన్న మనిషిని నలుగురిలో కటువుగా నిందించాడు. ఆయన ప్రధాన యాజకుడని పక్కవాళ్ళు చెప్పగానే, తెలియక అన్నానని, అలా అనకూడదని ధర్మశాస్త్రంలోనే ఉందని ఒప్పుకున్నాడు. పౌలు గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు. "కొట్టడం నాదే తప్పు. నువ్వు చెప్పకుండా వెళ్ళడమూ తప్పే, దాని గురించి రేపు మాట్లాడుకుందాం" అనండి. మన తప్పు ఒప్పుకుంటే వాళ్ళ తప్పు మాసిపోదు.

మార్కుల సంగతి అందరూ రాసేదే కాబట్టి ఎక్కువ చెప్పను. ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు, ఫోన్లో బంధువులు వింటుండగా, పిల్లలను ఒక్క మాటా అనకండి. పెద్దమ్మగారబ్బాయి ర్యాంకు ఆ రోజు ఎత్తకండి.

ఇదంతా చదివి, పిల్లలను ఏమీ అనకూడదన్నమాట అనుకునేవాళ్ళూ ఉంటారు. ఏలీ సంగతి గుర్తుచేసుకోండి. కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు ప్రత్యక్షపు గుడారంలోనే అన్యాయం చేస్తుంటే ఆ ముసలి యాజకుడు మాటవరసకు మందలించాడే కానీ అడ్డుకోలేదు. అతని మెత్తదనాన్ని దేవుడు సాత్వికంగా లెక్కపెట్టలేదు, నేరంగా లెక్కపెట్టాడు. బలం ఉండి, దాన్ని ఎదుటివాడి మేలు కోసం అదుపులో పెట్టుకునేవాడు సాత్వికుడు. ఏలీ దాన్ని అసలు వాడనే లేదు.

పిల్లలకు చెప్పాల్సిన భాగం ఇప్పుడు. మీ పిల్లను బడిలో ఎవరో రోజూ ఏడిపిస్తున్నారనుకోండి. యేసు ప్రభువు కొట్టినవాళ్ళకు రెండో చెంప చూపించమన్నాడు కదా, ఊరుకో అంటారా? యోహాను సువార్త 18వ అధ్యాయం కూడా తీసి చదవండి. అన్న అనే యాజకుడి ఎదుట విచారణలో ఒక బంట్రోతు యేసును చెంపమీద కొట్టాడు. యేసు తిరిగి కొట్టలేదు. మౌనంగానూ లేడు. తాను తప్పు మాట్లాడి ఉంటే అదేమిటో చూపించమనీ, లేకపోతే ఎందుకు కొట్టావనీ నిలదీశాడు. పిల్లలకు నేర్పాల్సిన సాత్వికం ఇది. చెయ్యెత్తకూడదు, బూతు మాట రాకూడదు, కానీ మొహంలోకి చూసి "ఎందుకిలా చేస్తున్నావు?" అని అడగడం రావాలి. అడిగినా ఆగకపోతే టీచరుకు చెప్పాలి, మనకు చెప్పాలి. అది చాడీ కాదు.

తెలుగు సంఘాలకు దగ్గరివాడే ఒకాయన, మొహంలోకి చూసి అడిగే ఈ పనిని ప్రపంచం ముందు చేశారు. తిరునెల్వేలి ప్రాంతం నుంచి డోర్నకల్‌కు సేవకు వచ్చిన వి.ఎస్. అజరయ్య, 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. అప్పటికాయనకు ముప్పయ్యారేళ్ళు నిండలేదు. హాల్లో ఎక్కువమంది పాశ్చాత్య మిషనరీలు, వాళ్ళ సొసైటీల పెద్దలు. వాళ్ళు చేసిన త్యాగాలకు కృతజ్ఞత చెబుతూనే, భారతీయ క్రైస్తవులతో సమానులుగా కలిసి తిరగడం లేదనీ, తమకు కావలసింది స్నేహమనీ మొహం మీదే చెప్పారు. కొందరికి మింగుడు పడలేదు. 1912 డిసెంబరు 29న ఆయన డోర్నకల్‌కు బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసేదాకా ఆ సేవలోనే ఉన్నారు. ఆ సభలో ఆయన గొంతు పెంచలేదు, నిజాన్ని తగ్గించీ చెప్పలేదు.

ఇంకొకటి, దీనికి మినహాయింపులు లేవు. పెద్దవాళ్ళెవరైనా, బంధువు కానివ్వండి, ట్యూషన్ మాస్టారు కానివ్వండి, సంఘంలో పేరున్న వ్యక్తి కానివ్వండి, పిల్ల మీద చెయ్యి వేస్తే, క్షమించమని పిల్లకు బోధించకండి. సంఘం పరువు పోతుందని మూసిపెట్టకండి. పిల్ల చెప్పింది నమ్మండి. 1098 అన్న చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు పిల్లలకు కూడా నోటికి వచ్చి ఉండాలి.

ఆడపిల్లల మీద రుద్దే సాత్వికం పెళ్ళితో ఆగదు, ఆస్తి దాకా వస్తుంది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో, వీలునామా లేనప్పుడు కొడుకుకూ కూతురుకూ సమాన వాటా. ఆ వాటా మాట ఎత్తిన అమ్మాయిని "ప్రార్థనాపరురాలు ఇలా అడుగుతుందా?" అనేస్తారు. వదులుకోవాలో లేదో ఆమె ఇష్టం. ఆమె వాటాను మనం వదిలేసి, ఆ సాత్వికం ఆమె ఖాతాలో రాయకూడదు.

తన వాటాను తానే వదులుకున్నవాడి కథ ఆదికాండం 26వ అధ్యాయంలో ఉంది. గట్టు తగాదాల్లో అన్నదమ్ములు మాటలు మానేసి, పిల్లల పెళ్ళిళ్ళకు కూడా పిలుచుకోని ఇళ్ళల్లో దీన్ని తప్పకుండా చదవాలి. ఫోన్లో బాబాయితో మీరు మాట్లాడే తీరు పక్క గదిలో పిల్లలు వింటూనే ఉంటారు. అబ్రాహాము తవ్వించిన బావులను ఫిలిష్తీయులు మట్టితో పూడ్చేశారు. ఇస్సాకు వాటిని మళ్ళీ తవ్వించాడు. గెరారు లోయలో కొత్త బావికి ఊట పడితే అక్కడి కాపరులు నీళ్ళు మావన్నారు. వదిలేసి ఇంకోటి తవ్వించాడు, దానికీ తగాదా పెట్టుకున్నారు. అదీ వదిలేశాడు. మూడో దానికి ఎవరూ రాలేదు, రహెబోతు అని పేరు పెట్టాడు. నువ్వు మాకంటే బలవంతుడివైపోయావు, వెళ్ళిపో అని రాజు అబీమెలెకు అంతకు ముందే అతనితో అన్నాడు. కాబట్టి కొట్లాడే దమ్ము లేక వదిలినవాడు కాదు.

ఈ కథ పిల్లలకు చెప్పేటప్పుడు మూడో బావి దగ్గర ఆపెయ్యకండి, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆ తరవాత బెయేర్షెబాకు అబీమెలెకే సేనాపతిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇస్సాకు నవ్వుతూ ఎదురెళ్ళలేదు. నన్ను ద్వేషించి పంపేసినవాళ్ళు ఇప్పుడెందుకొచ్చారని సూటిగా అడిగాడు. వాళ్ళు ఒడంబడిక చేసుకుందామన్నారు. అప్పుడు వాళ్ళకు విందు చేశాడు. ఏమేం వండించి ఉంటాడని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అక్కడ రాసి లేదు, మీకు తోచింది చెప్పండి.